తప్పు అతనిది... బోనస్ పోయేది నాది!

మన రోడ్ల మీద చిన్న యాక్సిడెంట్ అయితే తీర్పు రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లదే న్యాయం. ఇన్సూరెన్స్ లెక్క మాత్రం పూర్తిగా వేరు. ఒక బంపర్ సొట్ట పుణ్యమా అని ఆ లెక్క నాకు ఈమధ్యే బోధపడింది.

కూకట్‌పల్లి వై జంక్షన్ దగ్గర రెడ్ సిగ్నల్ పడితే ఆగాను. వెనక నుంచి ఓ క్యాబ్ వచ్చి తగిలింది. ఎవరికీ దెబ్బల్లేవు. నా వెనక బంపర్ సొట్టపోయింది, అతని హెడ్‌లైట్ పగిలింది. నేను దిగేలోపే పదిమంది మూగారు. ‘‘పదివేలు ఇచ్చేదాకా వదలకండి మేడమ్, తాళాలు లాక్కోండి’’ అని ఒకాయన సలహా. డ్రైవర్‌కి పాతికేళ్లుంటాయేమో. ‘‘అక్కా, పొద్దున్నుంచి మూడు ట్రిప్పులే అయినయి. బండి ఈఎంఐ కూడా కట్టాలె’’ అన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

తప్పెవరిదో ఇక్కడ తెలుస్తూనే ఉంది. ముందున్న బండి ఉన్నట్టుండి ఆగినా మనం ఆగగలిగేంత దూరం పాటించాలన్నది రూలు. అలాగని ప్రతిసారీ వెనకవాళ్లదే తప్పు కాదు. కారణం లేకుండా సడన్ బ్రేక్ వేస్తే ముందువాళ్లకీ అందులో వాటా ఉంటుంది. అందుకే వాదన కంటే ఫొటోలు ముఖ్యం. రెండు బండ్లు ఆగిన తీరు, నంబర్ ప్లేట్లు, సిగ్నల్, అతని లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాగితం అన్నీ ఫోన్‌లో తీసుకున్నా. ‘‘ఖర్చెంతో కనుక్కుని ఫోన్ చేస్తా, వెళ్లు తమ్ముడూ’’ అన్నా. గుంపు బాగా నిరాశపడింది.

సర్వీస్ సెంటర్‌లో కొత్త బంపర్ 4,200, పెయింటు, లేబర్ కలిపి మొత్తం 9,400 అన్నారు. ‘క్లెయిమ్ చేసేయండి మేడమ్’ అన్నారు. ఆ రాత్రి కాలిక్యులేటర్ తీశా. ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు. 1500 సీసీ లోపు కారుకి మొదటి 1,000 మన జేబులోంచే. పెయింట్ మీదా కొంత కోత. చివరికి వచ్చేది దాదాపు 6 వేలు.

ఇక పోయేది చూడండి. క్లెయిమ్ లేని ఏళ్లకు నో క్లెయిమ్ బోనస్ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. వచ్చే రెన్యువల్‌కి నాది 45 శాతం. మన పాలసీలో క్లెయిమ్ చేస్తే, తప్పు అవతలివాళ్లదైనా సరే, అది సున్నాకి పడిపోతుంది. బోనస్‌కి ముందు నా ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అనుకుంటే, మొదటి ఏడు 3,600, రెండో ఏడు 2,400, మూడో ఏడు 2,000 నష్టం. మూడేళ్లకే 8 వేలు! కారు పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గి కాస్త అటూఇటూ కావచ్చు, అంతే.

అతని థర్డ్ పార్టీ పాలసీ నుంచి రాబట్టొచ్చుగా అంటారా? రాబట్టొచ్చు. కానీ దానికి పోలీసు కేసు, మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రైబ్యునల్ అంటూ తిరగాలి. ఒక బంపర్ కోసం ఎవరు తిరుగుతారు?

మా వీధి చివర డెంటింగ్ షాపులో పాత బంపర్‌నే వేడిచేసి లాగి, పెయింట్ వేసి 3,800 తీసుకున్నారు. ఆ బిల్లు డ్రైవర్‌కి వాట్సాప్ చేశా. రెండు విడతల్లో యూపీఐ చేశాడు. ‘ఇకపై ఒకరి మీద ఒకరికి క్లెయిమ్ లేదు’ అని ఒక కాగితం మీద ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం.

అయితే ఎవరికైనా దెబ్బ తగిలితే ఈ సర్దుబాట్లు వద్దు. ముందు ఆసుపత్రి, తర్వాత పోలీసులు, ఇన్సూరెన్స్ కంపెనీ. డ్యామేజీ పెద్దదైతే నిరభ్యంతరంగా క్లెయిమ్ చేయండి, కానీ సర్వేయర్ చూసేదాకా రిపేర్ మొదలుపెట్టకండి. చిన్న సొట్టే అయితే ముందు మీ పాలసీ తెరిచి బోనస్ ఎంతుందో చూడండి. మన వైపు న్యాయం ఉన్నంత మాత్రాన అవతలివాడి దగ్గర ఎంతైనా గుంజొచ్చని కాదు. అయిన ఖర్చు వస్తే చాలు.