అవ్వ వీణ

మా అవ్వ వీణ బొబ్బిలిదని, ఒకే పనస మానులో తొలిచిన ఏకాండి వీణ అని ఇంట్లో అందరం గొప్పగా చెప్పుకునేవాళ్లం. అనంతపురం ఎండలకి కర్ర బిగదీసుకుపోయి కుండ మీద పగులొచ్చింది. మైనం మెత్తబడి, 24 మెట్లలో నాలుగైదు పక్కకి ఒరిగాయి. పగుల్లో ఫెవికాల్ పోసిన తెలివి మాత్రం నాదే.

మరమ్మతు చేసే పెద్దాయన మొదట తిట్టింది దానికే. తర్వాత వీణ తిరగేసి, కుండా దండీ కలిసేచోట గోటితో గీశాడు.

"ఇక్కడ అతుకుంది సార్. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధివాళ్లు చేసే ఏకాండికి ఇది ఉండదు."

నా మొహం చూసి, "అతుకు వీణేం తక్కువది కాదులే, నాదం బాగుంది" అన్నాడు.

మైనంలో మసి కలిపి మళ్లీ మేళం కట్టాలట. తీగలు ఒరిసి మెట్ల మీద పడిన గాట్లు ఆకురాయితో తీసేయాలట, లేకపోతే జీర వస్తుందట. ఆ గాట్లు అవ్వ 40 ఏళ్లు వాయిస్తే పడినవి. రెండు రోజులు తేల్చుకోలేక, చివరికి సరేనన్నా.

ఒక్క పంచమం మెట్టు మాత్రం కొత్తది వేసి, పాతది కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు.