మిస్రీ, కిస్మిస్, ఒక టానిక్ సీసా

మొన్న జుమా నమాజు అయ్యాక మసీదు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే ఒకాయన పలకరించాడు. "సలాం భాయ్, మీ ఇంట్లో గినీ పిగ్స్ ఉన్నాయంట కదా. మా పాపకు రెండు కొనిచ్చినా. అమ్మినాయన ఇవన్నీ తీసుకోవాల్సిందే అన్నాడు. నిజంగా అన్నీ జరూరతేనా?" అని జేబులోంచి ఒక కాగితం తీశాడు. విటమిన్ డ్రాప్స్, కాల్షియం పౌడర్, ఉప్పు చక్రం, షాంపూ, పురుగుల పౌడర్, చెవులు తుడిచే మందు. లెక్కేస్తే జంతువుల కంటే సామాన్ల ధరే ఎక్కువ.

మూడేళ్ల కింద సరిగ్గా అట్లాంటి కాగితమే జేబులో పెట్టుకుని, అట్టపెట్టెలో రెండు ప్రాణాలను ఒళ్లో పెట్టుకుని, నేను కర్నూల్లో డోన్ బస్సెక్కాను. ఆయనకు మెట్ల మీద నిలబడి చెప్పగలిగినంత చెప్పాను. మిగతాది ఇంటికొచ్చి ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఏడు బక్రీదుకు పదిహేను రోజుల ముందే పొట్టేలును ఇంటికి తెచ్చాం. పిల్లలు దానికి కొమ్ముల నిండా రంగు కాగితాలు కట్టి, తమ రొట్టెల్లో వాటా పెట్టి, రాత్రుళ్లు దాని పక్కనే పడుకుంటామని మారాం చేశారు. ఖుర్బానీ అయ్యాక మావాడు ఎట్లాగో సర్దుకున్నాడు, వాడికి పదకొండేళ్లు. ఆరేళ్ల చిన్నది మాత్రం రెండ్రోజులు దస్తర్‌ఖాన్ దగ్గరికే రాలేదు. మూడో రోజు నా దగ్గరికొచ్చి, "అబ్బా, నాకు ఎవరూ తీసుకుపోని జాన్వర్ కావాలి" అంది. వాదా చేశాను. మాట ఇవ్వడం ఎంత తేలికో!

ఇంటికి తెచ్చిన రోజే ఒక పంచాయితీ. పిల్లలు "గినీ పిగ్, గినీ పిగ్" అని ఎగురుతుంటే మా బడేఅబ్బా చేతిలో ఛాయ్ కప్పు కింద పెట్టేశాడు. "పిగ్ అంటే ఖింజీర్ కదరా! నమాజు చదివే ఇంట్లోకి తెస్తావా?" పేరులో తప్ప దీనికి పందితో ఏ రిష్తా లేదని, ఇది ఎలుకల, ఉడతల ఖాందాన్ అని, గినీ దేశానిది కూడా కాదు, దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలదని ఆయనకు నచ్చజెప్పేసరికి అసర్ అజాన్ అయింది. పెరూలో మనం కోళ్లను పెంచుకున్నట్టు వీటిని వంటింట్లో పెంచుకుని తింటారని కూడా చెప్పాను. ఆయన అంతా విని, "అట్లయితే ముందు పేరు మార్చండి" అన్నాడు. తెల్లదానికి మిస్రీ, గోధుమరంగుదానికి కిస్మిస్ అని పెట్టాం.

షాపాయన గోనెసంచిలోంచి పచ్చటి గుళికల మేత తూచి ఇచ్చాడు. "ఇందులో అన్నీ ఉంటాయి. నీళ్ల బాటిల్లో రోజూ ఈ డ్రాప్స్ కలపండి. పచ్చి ఆకులు పెట్టొద్దు, కడుపు చెడిపోతుంది" అన్నాడు. నేను టైలర్ని. నా గిరాకీ నా మాట విని గుడ్డ కొన్నట్టే, ఆయన మాట విని నేనూ కొన్నాను.

అమ్మీకి మొదటి రోజు నుంచే ఇది నచ్చలేదు. ఆమె పుట్టింట్లో మేకలు కాసిన మనిషి. కొత్తిమీర ఒలుస్తూ కాడలు పంజరం వైపు చాపేది. నేను, "నక్కో అమ్మీ, షాపాయన వద్దన్నాడు" అనేవాణ్ని. "గడ్డి తినే జాన్వర్‌కు గడ్డి పెట్టకుండా చుక్కలు పోస్తావేందిరా?" అని గొణుక్కుంటూ కాడలు చెత్తబుట్టలో వేసేది.

నెలన్నర గడిచింది. మిస్రీ ముందు గెంతడం మానేసింది. తర్వాత మూల వదిలి రావడం మానేసింది. వెంట్రుకలు గరుకుగా లేచి నిలబడ్డాయి. ఎత్తుకుంటే కీచుమని అరిచేది. ఒంట్లో బాగాలేదేమోనని నేను చేసిన పని ఏమిటంటే, డ్రాప్స్ రెండింతలు చేశాను.

ఒక సాయంత్రం మేత కూడా ముట్టలేదు. మా బావమరిది మెడికల్ షాపులో పనిచేస్తాడు. "ఇన్ఫెక్షన్ అయ్యుంటుంది భాయ్. పిల్లలకిచ్చే అమాక్సిసిలిన్ సిరప్ ఉంది కదా, రెండు చుక్కలు పోద్దాం" అన్నాడు. పాపం, మంచికే. నేను సూది లేని సిరంజిలోకి దాన్ని లాగేశాను కూడా. అమ్మీ నా మణికట్టు పట్టుకుంది. "ముందు డాక్టర్‌కు చూపించు. బేజుబాన్ జాన్వర్ అది, మంటగా ఉందని కూడా చెప్పలేదు" అంది. సిరంజి జేబులో వేసుకుని పశువుల డాక్టర్ ఇంటికి పరుగెత్తాను.

ఆయన నిజాయితీగల మనిషి. "నేను గేదెల డాక్టర్ని భాయ్, దీన్ని కాలేజీలో చూసినా అంతే" అని తిరుపతి వెటర్నరీ కాలేజీలో ఉన్న తన క్లాస్‌మేట్‌కు ఫోన్ చేశాడు. ఫోన్‌లో ఆయన చెబుతున్నట్టే మిస్రీ మోకాలు నెమ్మదిగా నొక్కాడు. అది అరిచింది. పెదవి ఎత్తి చూశాడు. పంటి చిగుళ్ల దగ్గర నెత్తురు. "స్కర్వీ" అన్నాడు. నా జేబులో సిరంజి సంగతి విని కుర్చీలోంచి లేచాడు. "పోసినావా?" లేదన్నాక కూర్చున్నాడు. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ లాంటివి నోట్లో పోస్తే వీటి పేగుల్లో ఉండే మంచి సూక్ష్మజీవులు చచ్చిపోయి, చెడ్డవి పెరిగి, విషమై ప్రాణమే పోతుందట. మనం ఇంట్లో జ్వరం మిగులు సిరప్‌ను దాచిపెట్టుకుని ప్రతిదానికీ వాడతాం చూడండి, ఆ అలవాటు గినీ పిగ్ ఉన్న ఇంట్లో అస్సలు పనికిరాదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకున్నా నేను ఇది రాసింది వృథా కాదు.

మేక తనకు కావాల్సిన విటమిన్ సి తన ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. కుక్కా అంతే, పిల్లీ అంతే. చేసుకోలేనివి మనిషి, కోతి, ఈ గినీ పిగ్, ఇంకా కొన్ని. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు వేరే రోగం కోసం వీటికి ఉత్త ధాన్యం పెట్టి చూస్తుంటే, అనుకోకుండా ఓడ నావికులకు వచ్చే స్కర్వీ వీటికి వచ్చింది. మనుషుల దవా కోసం ఆ తర్వాత ఎన్ని గినీ పిగ్స్ పోయాయో! నేను అదే తజుర్బా డోన్‌లో మళ్లీ చేశానన్నమాట, తెలియకుండా.

మరి డ్రాప్స్ ఏమయ్యాయి? బాటిల్ తెల్లటి ప్లాస్టిక్‌ది. కిటికీ పక్కన ఎండలో వేలాడేది. విటమిన్ సి నీళ్లలో కలిపితే వెలుతురుకు, వేడికి గంటల్లోనే బలం పోగొట్టుకుంటుంది. పైగా రుచి మారితే అవి నీళ్లే తక్కువ తాగుతాయి. నేను డ్రాప్స్ రెండింతలు చేసిన రోజు నుంచి మిస్రీ బాటిల్ దగ్గరికి పోకపోవడం నేను చూశాను. చూసి, రోగం వల్ల అనుకున్నాను. ఆ గోనెసంచి మేత కుందేళ్లదట. కుందేలు విటమిన్ సి తనే చేసుకుంటుంది కాబట్టి దాని మేతలో అది వేయరు.

డాక్టర్ మనుషుల మామూలు విటమిన్ సి మాత్రను నూరి, కొలత చెప్పి, నేరుగా నోట్లో పోయమన్నాడు. కిస్మిస్ నాలుగు రోజుల్లో లేచింది. మిస్రీ మూడో రోజు ఫజర్‌కు ముందే వెళ్లిపోయింది. షాపులో మిగిలిన తెల్లటి పాప్లిన్ ముక్కలో చుట్టి వేపచెట్టు కింద పెట్టాం. చిన్నది ఏడవలేదు. "మందు పోశాం కదా అబ్బా?" అని మాత్రం అడిగింది.

పిల్లిని కట్టేసి చంపిన ఆమె కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. తనూ పెట్టలేదు, బయట తిరిగి తిననూ లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను పెట్టలేదా? డబ్బులు పోసి పెట్టానే! కానీ బయట గరిక ఉంది, వంటింట్లో కొత్తిమీర కాడలున్నాయి, నేనే అడ్డం నిలబడ్డాను. సీసా కొన్నాక నా ఫికర్ అంతా ఆ సీసా చూసుకుంటుందని వదిలేశాను. రోజూ చుక్కలు లెక్కపెట్టాను గానీ, జంతువును సరిగ్గా చూసింది లేదు.

లెక్క చెబుతాను, తేలికే. కిలో బరువున్న గినీ పిగ్‌కు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలు. కడుపుతో ఉన్నదానికి, జబ్బుపడ్డదానికి ఇంకొంచెం ఎక్కువ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో చూస్తే 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములు దాటే ఉంటుంది, క్యాప్సికంలో 100కు పైన. అంటే రోజూ బొటనవేలంత క్యాప్సికం ముక్క, నాలుగు కొత్తిమీర రెమ్మలు, అప్పుడప్పుడు చిన్న జామ ముక్క. జామలో తీపి ఉంది కాబట్టి రోజూ వద్దు. మునగాకు మంచిదే గానీ కాల్షియం ఎక్కువ, వారానికి ఒకట్రెండు సార్లు చాలు. అమ్మీ చెత్తబుట్టలో వేసిన కాడలే మిస్రీ దవా అని నాకు తెలిసినప్పుడు అమ్మీ ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

ఇక్కడితో కథ ఆపితే "షాపు సామాన్లు వద్దు, ఇంటి చిట్కాలే ముద్దు" అని మీరు అనుకుంటారు. నేనూ అట్లే అనుకుని రెండో తప్పు చేశాను. మరుసటి చలికాలం కిస్మిస్ గోక్కోవడం మొదలుపెట్టింది. వీపు మీద వెంట్రుకలు రాలాయి. ఈసారి నేను మహా తెలివిగా వేపనూనె, పసుపు రాశాను. మూడు వారాలు. ఒక రాత్రి అది గోక్కుని గోక్కుని పక్కకు పడి కాళ్లు కొట్టుకుంది. చర్మంలోకి దూరే పురుగులు వీటికి మూర్ఛ వచ్చేంత దురద పెడతాయట. డాక్టర్ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తూకం చూసి ఐవర్‌మెక్టిన్ కొలిచి ఇచ్చాడు, పది పన్నెండు రోజుల తేడాతో మూడుసార్లు. తగ్గిపోయింది. దుకాణం వేరు, దవాఖానా వేరు. మొదటిదాని మీద కోపం రెండోదాని మీద చూపించాను.

ఇక మసీదు దగ్గర భాయ్ కాగితం సంగతి. ఉప్పు చక్రం అక్కర్లేదు, మేతలో ఉన్న ఉప్పు చాలు. కాల్షియం పౌడర్ అయితే కొని మరీ ముప్పు తెచ్చుకోవడమే, వీటికి మూత్రాశయంలో రాళ్లు త్వరగా వస్తాయి. మా ఊరి నీళ్లకు బిందె అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుంది, దాని మీద మళ్లీ పౌడరా? షాంపూ స్నానం చేయిస్తే చలికి, భయానికి జబ్బు పడతాయి. ఒళ్లంతా గలీజైతే తప్ప తడపొద్దు. నా దగ్గరున్న షాంపూతో మావాడు సైకిల్ కడిగాడు. కుక్కల పురుగుల పౌడర్ వీటి మీద చల్లొద్దు, నాక్కుంటాయి. అన్ని విటమిన్లూ కలిపిన టానిక్ కూడా వద్దు. సి తప్ప మిగతావి, ముఖ్యంగా ఎ, డి ఎక్కువైతే చెడుపే. గోళ్లకు మనం వాడే గోరుకత్తెర చాలు, లోపల ఎర్రటి నరం తగలకుండా కొసలు మాత్రం కత్తిరించాలి.

ఎండాకాలం కోసం కూలింగ్ పలక కూడా అమ్ముతున్నారట. బేతంచెర్ల పక్కనున్న ఊళ్లో రాతిపలక డబ్బులిచ్చి కొనడమా! మా ఇంటి నాపరాళ్ల మీద తడిగుడ్డతో తుడిస్తే కిస్మిస్ కాళ్లు చాపి బొక్కబోర్లా పడుకుంటుంది. 30 డిగ్రీలకే వీటికి కష్టం, మాకేమో 40 దాటుతుంది. మధ్యాహ్నం పగిలిన కుండ సగాన్ని బోర్లించి, పైన తడి గోనెపట్టా కప్పుతాం.

కొనాల్సిందంటూ ఉంటే అది ఎండుగడ్డి. వీటి పళ్లు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి, రాత్రీ పగలూ గడ్డి నమిలితేనే అరుగుతాయి. బజారు గడ్డి కిలో వందల రూపాయలు. డోన్‌లో ఏప్రిల్ వచ్చిందంటే పచ్చగడ్డి కళ్లకు కనిపించదు. నంద్యాలలో ఉన్న మా ఆపా కె.సి. కెనాల్ గట్టు మీది గరిక కోయించి, నీడన ఎండబెట్టి, సంచిలో కట్టి పంపిస్తుంది. బుడ్డల కట్టె పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. పెద్దవాటికి కాల్షియం ఎక్కువవుతుంది, రోజూ వద్దు. మందు కొట్టిన చేలోది అసలే వద్దు. ఊళ్లో గడ్డి దొరకనివాళ్లు సీసాల డబ్బులన్నీ దీనికే పెట్టాలి.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చే సామాను: వంటింటి కాటా. ప్రతి ఆదివారం కిస్మిస్‌ను గిన్నెలో కూర్చోబెట్టి తూచి, నా కొలతల పుస్తకం వెనక పేజీలో రాస్తాను. జబ్బును ఇవి దాచుకుంటాయి, తూకం దాచుకోలేవు. ఒక పూట మేత ముట్టకపోతే అదే రోజు డాక్టర్ దగ్గరికి పోవాలి, రేపు చూద్దాం అనకూడదు. ఒంటరిగా కూడా ఉండలేవు. మిస్రీ పోయిన నెలకు ఇంకొకదాన్ని తెచ్చాం. దాని పేరు చిన్నదే పెట్టింది, బాదం. ఫజర్‌కు అమ్మీ ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు కాగానే రెండూ ఈలలు మొదలుపెడతాయి. బడేఅబ్బాకు ఇప్పుడవి తన ఫజర్ అలారం.

నిన్న ఆదివారం ఆ భాయ్ కూతురు తన రెండింటినీ చీర గంపలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. మా చిన్నది దానికి కాటా చూపించింది. ఒకటి 640 గ్రాములు, రెండోది 585. నోట్‌బుక్కులో కొత్త పేజీ తీసి ఇద్దరూ గీతలు గీసి రాసుకున్నారు. వెళ్లేటప్పుడు అమ్మీ కొత్తిమీర కాడలు కాగితంలో చుట్టి ఇచ్చింది. వచ్చే ఆదివారం మళ్లీ తీసుకురమ్మన్నాం.