ఫరహాబాద్ కొండపై పిల్లలతో

నల్లమల అడవిలో, మన్ననూరుకు చేరువలో ఒక కొండ ఉంది. నిజాం ప్రభువుల వేటవిడిది అక్కడ ఉండేది. పేరు ఫరహాబాద్. ‘ఫరహ్’ అంటే ఆనందం. నేడది 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో భాగం. ఇష్టమైన చోట డేరా వేయరాదు. అటవీశాఖ వసతిలోనే బస, వారి వాహనంలోనే విహారం.

ఈ చలికాలంలో మేము రెండు కుటుంబాలవారం, ఏడుగురు పిల్లలతో కొత్తకోట నుండి వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా అక్కడికి వెళ్లాము. ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని అమీర్‌గా ఎన్నుకోవాలన్నది దైవప్రవక్త (స) బోధ. పిల్లలు పన్నెండేళ్ల బాలుణ్ని ఎన్నుకున్నారు. అతడు నీళ్లు చిన్నవారికి ముందిచ్చి, తాను చివర త్రాగాడు. ఖస్ర్ పాఠం మదరసాలో ఎన్నిసార్లు చెప్పినా తడబడేవారు. జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్‌లు రెండేసి రకాతులై, మగ్రిబ్ మూడుగానే ఉండడం ఆ ఒక్కరోజులో వారికి బోధపడింది.

“పులి ఇక్కడికి వస్తుందా?” అని చిన్నవాడు అడిగితే, వెంటవచ్చిన చెంచు యువకుడు, “ఇది దాని ఇల్లు బాబూ, వచ్చింది మనమే” అన్నాడు. ఆ తర్వాత పిల్లలెవరూ కేకలు వేయలేదు.

తల్లిదండ్రులారా! వెళ్లేముందు వసతి ఖరారు చేసుకోండి. వర్షాకాలంలో సఫారీ ఉండదు. దుప్పట్లు, స్టీలు సీసాలు తీసుకెళ్లండి. తిన్నచోట మిగిలిన ప్రతి కాగితాన్నీ పిల్లల చేతనే తిరిగి ఇంటికి మోయించండి. అతిథి మర్యాద అలాగే అబ్బుతుంది.