కొత్త కోడె, పాత ఎద్దు

మాది చిలకలూరిపేట దగ్గర ఒక నల్లరేగడి పల్లె. మా ఊళ్ళో పొద్దున లేస్తే పత్తి మాట, మిరప మాట తప్ప మరొకటి వినిపించేది కాదు. నాకు పన్నెండేళ్ళప్పుడు మా నాన్న ఒంగోలు జాతి కోడెను ఒకదాన్ని కొనుక్కొచ్చాడు. దానికి కాడి అంటే ఏమిటో తెలియదు. నాన్న దాన్ని మరో కోడెతో కట్టలేదు. మా ఇంట్లో పనిచేసి పనిచేసి ముసలిదైన ఎద్దుతో జత చేశాడు.

"పాతదాని పక్కన నడిస్తే కొత్తదానికి నడక అదే వస్తుందిరా," అన్నాడు.

నేను పగ్గం పట్టుకుని ముందు నడిచాను. కోడె బెదిరి పక్కకు లాగింది. చాలు పాములాగా వంకర తిరిగింది. గట్టు మీద పోతున్న నా తోటి పిల్లలు పకపకా నవ్వారు. నాకు ఏడుపు వచ్చి, పగ్గం వదిలేసి ఇంటికి పరుగెత్తాను. నాన్న నన్ను ఏమీ అనలేదు. ఆ చాలును చెరపనూ లేదు. అందులోనే పత్తి గింజలు వేశాడు.

ఎన్నో ఏళ్ళ తరవాత, హైదరాబాదులో ఒక ఆట చూస్తూంటే నాకు ఆ చాలు మళ్ళీ గుర్తుకు వచ్చింది.

ఆ ఆట పేరు గోల్ఫ్. పిల్లలూ, మీలో కొందరైనా బిళ్ళంగోడు ఆడి ఉంటారు. దానిలో కర్రతో బిళ్ళను కొట్టినట్టే, ఇందులో కర్రతో చిన్న బంతిని కొడుతూ పోయి, దూరాన ఉన్న గుంటలో పడేలా చెయ్యాలి. గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళాలే! పెద్ద మైదానంలో ఇలాంటి గుంటలు 18 ఉంటాయి. ఎంత తక్కువ దెబ్బలతో ముగిస్తే అంత గొప్ప.

మా తమ్ముడి కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు ఈ ఆట నేర్చుకుని రెండేళ్ళే అయింది. వాళ్ళ ఆఫీసువారు వాణ్ణి "ప్రో-యామ్" అనే పోటీకి పంపారు. అందులో ఒక్కొక్క జట్టుకు, ఆటే జీవనాధారమైన ఆటగాడు ఒకడు, సరదాకు ఆడేవాళ్ళు ముగ్గురూ ఉంటారు. 1937లో బింగ్ క్రాస్బీ అనే అమెరికా గాయకుడు కాలిఫోర్నియాలో ఇలాంటి పోటీ ఒకటి పెట్టాడు. వాన వచ్చి అది ఒక్కరోజు ఆటతోనే ముగిసింది. శామ్ స్నీడ్ అనే ఆటగాడు గెలిచాడు. ఆ పోటీ పెరిగి పెద్దదై, ఇప్పటికీ పెబుల్ బీచ్ అనే చోట జరుగుతున్నది.

పోటీ ముందురోజు రాత్రి మావాడు అన్నం కూడా సరిగా తినలేదు.

"పెదనాన్నా, జ్వరమని చెప్పి మానేస్తాను. అంతటి ఆటగాడి పక్కన నేను ఆడితే అందరూ నవ్వుతారు," అన్నాడు.

"నేనూ వస్తాను. నవ్వేవాళ్ళెవరో చూద్దాం," అన్నాను.

గోల్కొండ కోటను ఆనుకుని నయా ఖిల్లా ఉంది. మైదానం అక్కడే. పాత కోటగోడల పక్కన పచ్చిక తివాచీలాగా పరుచుకుని ఉంది. దగ్గరలోనే, పదిమంది చేతులు పట్టుకున్నా అందని మొదలుతో ఒక బ్రహ్మాండమైన చెట్టు ఉంది. అది బావోబాబ్ చెట్టు. దాని జాతి ఆఫ్రికా ఖండానిది.

మావాడి జట్టులోని ఆటగాడికి పాతికేళ్ళుంటాయి. చిన్నతనంలో ఇతరుల కర్రల సంచీ మోస్తూ ఆట నేర్చుకున్నాడట. అలా మోసేవాళ్ళను క్యాడీలంటారు. మన దేశంలో పేరుపొందిన ఆటగాళ్ళు కొందరు అలా పైకి వచ్చినవాళ్ళే. అతను నా చేతిలో ఒక బంతి పెట్టాడు. దాని ఒళ్ళంతా సొట్టలే!

"ఈ సొట్టలెందుకు?" అని అడిగాను.

అతను చెప్పిన సంగతి వింతగా ఉంది. పూర్వం బంతులు నున్నగా ఉండేవి. అయితే, దెబ్బలు తిని గాట్లు పడిన పాత బంతులే కొత్తవాటికన్నా దూరం పోవటం ఆటగాళ్ళు గమనించారు. నున్నటి బంతి ఎగిరేటప్పుడు దాని వెనక గాలి పెద్ద సుడి తిరిగి బంతిని వెనక్కు లాగుతుంది. సొట్టలుంటే గాలి బంతిని మరికాస్త దూరం అంటిపెట్టుకుని పోతుంది, సుడి చిన్నదవుతుంది. అందుకని బంతులకు కావాలనే సొట్టలు పెడుతున్నారు.

ఆట మొదలయింది. మావాడు కొట్టిన బంతులు చెట్లలోకీ, ఇసుకలోకీ పోయాయి. వాడి మొహం వాడిపోయింది. తాను "ఆటలో అరటిపండు"నే అనుకున్నాడు. కాని ఈ పోటీలో అరటిపళ్ళు లేవు. చాతకానివాడికి కొన్ని దెబ్బలు తగ్గించి లెక్కవేస్తారు. దాన్ని హ్యాండిక్యాప్ అంటారు. ఒక్కొక్క గుంట దగ్గర నలుగురిలో ఎవరి లెక్క తక్కువైతే అదే జట్టు లెక్క.

చివరి గుంట వచ్చింది. ఆటగాడి బంతి పొదలో పడింది. దాన్ని బయటికి తెచ్చి ముగించేసరికి అయిదు దెబ్బలయాయి. తక్కిన ఇద్దరికీ అంతకన్నా ఎక్కువే. మావాడు కూడా అయిదో దెబ్బకు బంతిని గుంటలో వేశాడు. వాడికి అక్కడ ఒక దెబ్బ తగ్గింపు ఉన్నది. అంటే నాలుగు! ఆ గుంటకు జట్టు లెక్క వాడిదే.

ఆటగాడు నవ్వుతూ వచ్చి వాడి చెయ్యి పట్టుకుని ఊపాడు. జట్టు గెలవలేదు. అయినా ఆ రాత్రి మావాడు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

అప్పుడు నేను వాడికి మా వంకర చాలు సంగతి చెప్పాను. ఆ ఏడు పత్తి తీసే రోజున నాన్న నన్ను ఆ చాలు దగ్గరికి పిలిచి, విచ్చిన కాయ ఒకటి నా చేతిలో పెట్టి, "వంకర చాలులోనిదైనా పత్తి తెల్లగానే ఉంది, చూశావా?" అన్నాడు.

మరుసటి ఏటికి ఆ కోడె, ముసలి ఎద్దు పక్కన చక్కగా నడిచింది. ఈసారి నేను పగ్గం వదలలేదు.