పలక కుడి అంచు

శిశుతరగతిలో ఒక పాప తెలుగు అక్షరాలను పలక కుడి అంచు నుండి వ్రాయనారంభించింది. మేము తొందరపడి చెరిపివేశాము. మూడు రోజులు ఆమె బలపం పట్టలేదు. ఇంటివద్ద అన్న ఉర్దూ వ్రాస్తుండగా ప్రక్కన కూర్చుని చూచేదట. అలిఫ్ మొదలయ్యేది కుడివైపునే కదా!

1907లో రోము నగరంలో బాలల గృహాన్ని ప్రారంభించిన మరియా మాంటిస్సోరి, బోధనకన్న ముందు పరిశీలన అవసరమన్నది. శిక్షణకాలంలో ఆ మాటను పరీక్షలో వ్రాసి మార్కులు పొందినవారమే మేము!

నాలుగవ రోజున ఎడమ అంచున చుక్క పెట్టి, తెలుగు బండి ఇక్కడ నుండి, ఉర్దూ బండి అక్కడ నుండి బయలుదేరుతాయని వచ్చీరాని ఉర్దూలో చెప్పాము. మా ఉచ్చారణకు పాప నవ్వి, బలపం అందుకున్నది.

ఇప్పుడు చెరిపేముందు "ఎక్కడ చూచావమ్మా?" అని అడుగుతున్నాము. నలభైమంది ఉన్న తరగతిలో ప్రతిసారీ అడగలేకపోతున్నాము.