జింకలకు ఉప్పుముద్ద

ప్రొద్దుటూరిలో మా పెరటియావునకు ఉప్పుముద్ద నేనే చేయుదును. గల్లుప్పు రెండుపాళ్లు, పశువుల ఖనిజమిశ్రమ మొకపాలు, జల్లించిన పుట్టమన్ను రెండుపాళ్లు కొద్దినీటితో పిసికి, త్రాడు దూర్చుటకు నడుమ రంధ్రముంచి, నీడను పదిదినము లారనిత్తును. కొందరు బెల్లమును గూడ కలుపుదురు. అది చీమలకు విందు; నేను కలుపను.

మొన్నటి మాఘమాసమున పులివెందులలోని బంధువుల యింటికి బోవుచు, రెండు ముద్దలను సంచిలో వేసికొంటిని. త్రోవలో గండికోట కొండలయొద్ద జింకలకు బెట్టవలెనని నా కోరిక. శకుంతల పెంచిన లేడిపిల్లను గూర్చి చదివిన నాటినుండియు నాకీ వెఱ్ఱి కలదు. మావారు నవ్విరి గాని వద్దనలేదు.

జమ్మలమడుగు త్రోవలో నల్లరేగడి శనగచేల నడుమ, పల్లపుచోట్ల తెల్లగా పొంగిన చవుడు కనబడును. ఒకనాడు ఉప్పరులు ఇట్టి మన్నునుండియే యుప్పు తీసెడివారు. వారి పేరే దానిని బట్టి వచ్చినది. గొఱ్ఱెలు చవుటినేలను నాకుట మీరును జూచియుందురు. జింకలును అట్లే నాకును. ఆకులలో పొటాషియము మెండు, సోడియము కడు తక్కువ. వానలకు మొలచిన లేతపచ్చిక మేయు దినములలో ఆ కొరత మరియు నెక్కువ. చుక్కలదుప్పియు, కణితియు కొమ్ములను రాల్చి మరల మొలిపించుకొనును గనుక వానికి సున్నము, భాస్వరము గూడ కావలెను. కృష్ణజింక కొమ్ములు రాలవు. శాస్త్రజ్ఞుల లెక్కలో అది దుప్పిజాతియే కాదు. మనవాడుకలో మాత్ర మన్నియు జింకలే!

జమ్మలమడుగునకు 15 కిలోమీటర్ల దూరమున, పెన్న యెఱ్ఱనికొండలను నిలువునా కోసికొనిపోవు లోయయొద్ద దిగితిమి. నా సంచిని చూచి అచ్చటి అడవి కావలివాడు, ఒక వృద్ధుడు, చేయి అడ్డము పెట్టెను.

"అమ్మా, ఉప్పు పెట్టిన తావికి జింక వచ్చేది ఖాయం. అది వస్తాదని ఎరిగినోడు ఉచ్చు కూడా ఆడనే పెడతాడు."

నాకు మాట రాలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము వేటను నిషేధించినను, ఉచ్చులు మాయమైపోలేదుగదా! అతడింకను చెప్పెను: మేకలును, ఎద్దులును నాకిన ముద్దనే జింకలు నాకినచో గాలికుంటు వంటి తెగుళ్లు వీనినుండి వానికి సోకునట. పొరపాటు తెలిసి ముద్దను తీసివేసినను ప్రయోజనము లేదు. కరిగిన యుప్పు మంటిలో నిలిచియుండును. జింకలు ఆ గుంటను గోకి నాకుచునే యుండును. అందుచేతనే యడవులలో అటవీశాఖవారు తామే చోటు నిర్ణయించి ఉప్పు పెట్టుదురు. నావంటివారు దారిని బోవుచు పెట్టదగినది కాదు.

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరితిమి. పులుల పేర వెలసిన యూరని చెప్పుదురు గాని, నాకు కనబడినవి గేదెలే. ఒక ముద్దను వానికి కట్టివచ్చితిని. రెండవది సంచియడుగున చెమ్మగిల్లి, నా పట్టుచీర యంచున తెల్లనిచార మిగిల్చినది. దానిని చూచి మావారు మరల నవ్విరి.