పడవ తాగిన నీళ్లు

ఏప్రిల్ 15 వచ్చిందంటే ఉప్పాడ ఒడ్డున చప్పుడు మారిపోతుంది. ఇంజిన్ల మోత ఆగి గ్రైండర్ల రొద మొదలవుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని జూన్ 14 దాకా, 61 రోజులపాటు తూర్పుతీరంలో ఇంజిను పడవల వేట నిషేధం. చిరిగిన వలలు బాగుచేసుకోవడం, ఇంజిన్లు విప్పుకోవడం, పడవలకు పగుళ్లు పూడ్చి రంగులేసుకోవడం అన్నీ అప్పుడే. తీరం వెంట వరసగా నిలబెట్టిన నీలం, పసుపు, ఎరుపు పడవల్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అయితే ఫైబర్ పడవ దగ్గర రంగుని నమ్మకూడదు. ఆ సంగతి ఆ ఒడ్డునే ఉండే ఓ పెద్దాయనకి కార్తీకమాసంలో నడిసముద్రంలో తెలిసొచ్చింది.

ఆయన పడవ వయసు ఇరవై ఏళ్లు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరవాత ఏడాది చేతికొచ్చింది. ఇరవై ఎనిమిది అడుగుల పొడవు, లాంగ్‌టెయిల్ ఇంజిను. దాని మీదే ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేశాడు. కొడుకు చదువు డిగ్రీ మధ్యలో ఆగితే అదే పడవెక్కించాడు. ఆరోజు కానాగడతలు బాగానే పడ్డాయి. తిరిగొస్తుంటే ఒక పెద్ద కెరటం పక్కనుంచి కొట్టి పడవ నిండిపోయింది. ఇలా నిండటం కొత్తేం కాదు. పాతరోజుల్లో అయితే పడవ తొట్టిలా తేలుతూనే ఉండేది, నలుగురూ కూర్చుని నీళ్లు తోడేసుకుని ఇంటికొచ్చేవాళ్లు. ఈసారి అలా జరగలేదు. అమరం, అంటే ఇంజినుండే వెనకవైపు, సూటిగా కిందికి దిగిపోయింది. ముక్కు ఒక్కటే మూడడుగులు పైకి మిగిలింది. దాన్ని పట్టుకుని నలుగురు వేలాడారు. అందులో ఒకడు ఆయన కొడుకు. వెనకొస్తున్న పడవవాళ్లు తాడు విసరబట్టి సరిపోయింది.

ఇంటికొచ్చాక అందరూ గంగమ్మతల్లి దయ అన్నారు. పెద్దాయనా కాదనలేదు. కానీ ఆ రాత్రి నుంచీ ఆయన బుర్రలో ఒకటే ప్రశ్న... పదేళ్లనాడు నిండితే తేలిన పడవ ఇప్పుడెందుకు తేల్లేదు?

కర్రపడవకి ఈ గొడవ ఉండదు. చెక్క తనంతట తానే తేలుతుంది. నీళ్లు నిండినా ఒక పట్టాన అడుక్కి పోదు. ఫైబర్ అలా కాదు. గాజుపీచూ రెజినూ కలిసి గట్టిపడిన ఆ పెంకు నీళ్లకంటే బరువు. లోపలి గాలి పోతే దిగిపోవడమే. అలా పోకుండా ఆపేది డెక్కు కింద కూరిన ఫోమ్. ఘనమీటరు ఫోమ్ 30, 40 కిలోలకు మించి తూగదు. అంతే చోటులో పట్టే నీళ్ల బరువు వెయ్యి కిలోలు. ఆ తేడాయే మునగబోయిన పడవనీ, ఇంజిన్నీ, పట్టుకున్న మనుషుల్నీ పైన నిలబెడుతుంది.

ఈ కిటుకుతో పేరు తెచ్చుకున్న పడవ అమెరికాలో ఉంది. 1958లో డిక్ ఫిషర్ అనే ఆయన రెండు ఫైబర్ పెంకుల మధ్య ఫోమ్ నింపి బోస్టన్ వేలర్ అన్న పేరుతో అమ్మకానికి తెచ్చాడు. 1961లో లైఫ్ పత్రిక ఫొటోల కోసం నీళ్లమీద ఉన్న ఆ పడవని మధ్యకి రంపంతో కోయించి, ఇంజిను ఉన్న సగంలో కూర్చుని దర్జాగా నడుపుకుంటూ వెళ్లిపోయాడు! చూసినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. అయితే ఆ ఫొటోల్లో ఉన్నది కొత్త పడవ. ఆ మాట మరిచిపోకూడదు.

ఎందుకంటే ఫోమ్ కూడా ముసలిదవుతుంది. అది సన్నసన్నటి గాలిబుడగల ముద్ద. ఒక్కో బుడగ విడిగా మూసుకుని ఉంటుంది కాబట్టి మొదట్లో నీళ్లు పీల్చదు. కానీ ఏళ్ల తరబడి చుట్టూ నీళ్లు నిలిచి, కెరటాల దెబ్బలకి పడవ అదురుతూ ఉంటే బుడగల గోడలు చిట్లుతాయి. నీళ్లు ఒక్కో గదీ ఆక్రమించుకుంటూ పోతాయి. వెనకటి తెప్పల దుంగలూ నీళ్లు తాగేవి. అందుకే ఒడ్డుకు రాగానే కట్లు విప్పి దుంగల్ని ఎండలో పడేసేవారు. మర్నాటికి ఆరేవి, మళ్లీ కట్టుకునేవారు. తాతల తెప్పకి ఉన్న ఆ సుఖం మనవడి ఫైబర్ పడవకి లేదు. దాని పొట్ట మూసేసి ఉంటుంది. ఎండ తగలదు.

ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఆయన బావమరిదిది వ్యాపారపు బుర్ర. “బావా, డెక్కు మీద ఒక పొర కొట్టించి రంగేసి అమ్మేద్దాం. కొనేవోడు పొట్టకోసి చూత్తాడా ఏటి?” అన్నాడు. నిజానికి చాలాచోట్ల జరిగేది అదే. మెత్తబడిన డెక్కు మీద రెండు పొరల మ్యాట్ పరిచి రెజిన్ పూస్తే రాయిలా గట్టిగా కనిపిస్తుంది. కింద నీళ్లు కిందే ఉంటాయి. పైగా వాటిని ఇంకా గట్టిగా మూతపెట్టి దాచినట్టవుతుంది. పెద్దాయన ఏమీ అనలేదు. ఆవిడే అందుకుంది. “ఒరే తమ్ముడూ, ఆ కొనేవోడికీ పెళ్లాం పిల్లలుంటార్రా. మీ మేనల్లుడు ముక్కట్టుకుని ఏలాడింది అప్పుడే మర్సిపోయావేటి?” ఆ మాటతో అమ్మకం ఊసు పోయింది. 2025లో 20 వేల రూపాయలకు పెరిగిన వేట నిషేధ భృతీ, ఆవిడ పాడిన చీటీ డబ్బూ కలిపి పని మొదలుపెట్టారు.

కాకినాడ నుంచి వచ్చిన ఫైబర్ మేస్త్రి మొదట కత్తీ, రంపం ఏవీ తియ్యలేదు. జేబులోంచి ఐదు రూపాయల బిళ్ల తీసి డెక్కంతా కొట్టుకుంటూ పోయాడు. ముందువైపు టక్‌టక్‌మని పలికింది. వెనక్కి వచ్చేకొద్దీ ఆ మోత చచ్చిపోయి దబ్‌దబ్‌మంది. అక్కడ సన్నటి కన్నం వేస్తే నల్లటి నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. “ఎండబెడితే ఆరదా మేస్త్రీ?” అని కుర్రాడు అడిగాడు. మేస్త్రి అరచేయంత ఫోమ్ ముక్క పెకిలించి ఇచ్చి ఎండలో పెట్టమన్నాడు. వారం పోయాక పైన పొడిగానే ఉంది. పిండితే నీళ్లు కారాయి. విడి ముక్కే ఆరలేదంటే, పొట్టలో ఉన్నది ఆరేదెప్పుడు!

డెక్కుని అంచువరకూ కొయ్యలేదు. చుట్టూ రెండంగుళాల పట్టీ వదిలి లోపల కోశారు. మళ్లీ డెక్కు పెట్టేటప్పుడు అది ఆనుకోవడానికి ఆధారం ఉండాలి కదా. పలక లేపగానే వచ్చిన వాసనకి చుట్టూ చేరిన పిల్లలు పరుగో పరుగు. అమరం వైపు ఫోమ్ తడిసిన రస్కులా గోధుమరంగులో ఉంది. డెక్కుని మోసే ప్లైవుడ్ అడ్డబద్దలు వేలితో నొక్కితే పొడిపొడిగా రాలాయి. గరిటెలూ పారలూ పట్టుకుని ఇంటిల్లిపాదీ మూడురోజులు తవ్వారు. ఆవిడ చేపలు తూచే కాటా తెచ్చి గంపెడు ఫోమ్ తూచింది. 30 కిలోలు దాటింది! గంపెడు కొత్త ఫోమ్ రెండు కిలోలు కూడా ఉండదు. అలాంటి గంపలు పద్నాలుగు వచ్చాయి. లెక్కవేస్తే నాలుగు క్వింటాళ్ల పైమాటే. రోజూ ఏడుగురు మనుషుల్ని ఊరికే వెనక నిలబెట్టుకుని వేటకెళ్లినట్టు. రెండేళ్లుగా డీజిలు ఎందుకు ఎక్కువ తాగుతోందో, పడవని ఒడ్డుకి లాగడానికి మనుషులు ఎందుకు చాలట్లేదో అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ పాపం ఇంజిన్ని తిట్టారు.

ఇంతకీ నీళ్లెలా దూరాయి? పెద్ద పగులేమీ లేదు. తాళ్లు కట్టే కొక్కేలకి బిగించిన మరలు, ఇంజిను దిమ్మ బోల్టులు... అవే దారులు. ఫైబర్‌కి కన్నం వేసి మర బిగించి వదిలేస్తే ఆ కన్నం అంచున ప్లైవుడ్ బయటపడే ఉంటుంది. ఉప్పునీళ్లకి ఆ సందు చాలు. అందుకే ఈసారి ప్రతి కన్నాన్నీ పెద్దగా తొలిచి, రెజిన్ ముద్దతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్లీ సన్నగా తొలిచి మర బిగించారు. చూడ్డానికి చాదస్తం. కానీ మొత్తం మరమ్మతులో ఇదొక్కటి చేయకపోతే మిగతాదంతా మళ్లీ మొదటికే వస్తుంది.

ఖాళీ పొట్టని మంచినీళ్లతో కడిగి ఉప్పు వదిలించారు. మూడువారాలు పగలంతా ఎండకి తెరిచిపెట్టి, రాత్రి మంచు పడకుండా టార్పాలిన్ కప్పారు. తడిమీద రెజిన్ పట్టదు. పట్టినట్టే ఉండి పొరగా లేచిపోతుంది. రెజిన్‌లో హార్డనర్ నూటికి ఒకటి రెండు పాళ్లు చాలు. మే ఎండల్లో అదీ తగ్గించాలి, లేకపోతే పూసేలోపే డబ్బాలో గడ్డకట్టి పొగలు కక్కుతుంది. అందుకే మేస్త్రి తెల్లారేసరికి పని మొదలెట్టి పదింటికల్లా చాలించేవాడు. కళ్లద్దాలు లేకుండా హార్డనర్ సీసా ముట్టుకోనిచ్చేవాడు కాదు. చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు.

ఖర్చు చూసి బావమరిది మళ్లీ ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. రొయ్యల కంపెనీ నుంచి పాత థర్మోకోల్ పెట్టెలు బండెడు. మేస్త్రి నవ్వి ఒక ముక్కమీద చెంచాడు రెజిన్ పోశాడు. పీచుమిఠాయి మీద నీళ్లు పోసినట్టు ముక్క కరిగిపోయి గుంటపడింది. పడవలకి వాడే మామూలు పాలిస్టర్ రెజిన్‌లో థర్మోకోల్‌ని కరిగించే ద్రవం ఉంటుంది. పెట్రోలు తగిలినా దానిగతి అంతే. తప్పక వాడాలంటే పాలిథీన్‌లో గట్టిగా చుట్టి పెట్టాలి. ఆ పెట్టెలు చివరికి ఆవిడ చేపల బుట్టల పక్కన ఐసుకి పనికొచ్చాయి.

అసలు ఫోమ్ రెండు డబ్బాల్లో వస్తుంది. రెండు ద్రవాలూ సమానంగా పోసి గబగబా కలిపితే అర నిమిషంలో పాలు పొంగినట్టు పొంగుతుంది. ఒకేసారి ఎక్కువ పోస్తే లోపల వేడి పుట్టి మాడుతుంది. దారి మూసేసి పోస్తే డెక్కునే లేపేస్తుంది. అందుకని మగ్గుడు మగ్గుడు చొప్పున, ముక్కుకి మాస్కులు కట్టుకుని నింపారు. అడుగున మాత్రం నీళ్లు పారడానికి వెనకదాకా గొట్టం దారి వదిలారు. కొత్త డెక్కులో రెండు గుండ్రటి మరమూతలు పెట్టారు. పాత పడవకి అవి లేవు. ఉంటే ఈ రోగం పదేళ్లముందే బయటపడేది.

జూన్ రెండోవారంలో పడవని ఉప్పుటేరులోకి దింపారు. ఇంజిను విప్పి, దాని బదులు అంతే బరువున్న ఇసుకబస్తాలు వెనక పెట్టారు. నలుగురెక్కారు. పెద్దాయన కొడుకు వెనకనే కూర్చున్నాడు. బకెట్లతో నీళ్లు పోయడం మొదలుపెట్టారు. పడవ నిండా నీళ్లు నిండాయి. గట్టుమీద ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. అంచులు దిగాయి, దిగాయి... బెత్తెడు పైన ఉండగా ఆగిపోయాయి. నలుగురూ ఒకేపక్కకి ఒరిగినా పడవ వంగిందేగానీ మునగలేదు. ముందూ వెనకా ఒకే మట్టంలో నిలబడింది. అరగంటలో నీళ్లు తోడేశారు.

పడవని గట్టెక్కించాక బావమరిది డెక్కు మీద కాలితో రెండుసార్లు తన్నిచూసి, “ఇప్పుడమ్మితే మంచి రేటొత్తాది బావా” అన్నాడు. పెద్దాయన వినిపించుకోకుండా మరమూత తిప్పి లోపల చెయ్యిపెట్టి చూసుకుంటున్నాడు. పొడిగానే ఉంది.